కుదరదన్న మాట ఎక్కడ పోయింది

మా ఆఫీసు తెనాలిలో, స్టేషన్‌కి దగ్గర్లో. కింద టిఫిన్ హోటల్, పైన మేము. పొద్దుటి పూట మెట్ల మీద సాంబారు వాసన, మధ్యాహ్నం గిన్నెలు తోమే చప్పుడు. అక్కడ మేము సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. లోకాన్ని మార్చేవేమీ కావు. దుగ్గిరాల పసుపు కోల్డ్ స్టోరేజీలో ఎవరి బస్తాలు ఏ గదిలో ఉన్నాయో చెప్పేది ఒకటి, రైసుమిల్లులకు ఒకటి, బాపట్లలో ప్రైవేటు హాస్టళ్ళకు ఒకటి. నేను అందులో ప్రాజెక్ట్ మేనేజర్‌ని.

ఆ ఉద్యోగం ఏమిటో పెళ్ళయిన కొత్తలో మా అత్తగారికి వివరించాల్సి వచ్చింది. ప్రోగ్రాములు రాసేది నేను కాదని, రాయించుకునేది కూడా నేను కాదని, ఆ ఇద్దరి మధ్యా నిలబడతానని చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ ఆలోచించి, "మేస్త్రీవన్నమాట" అంది. తాపీ పట్టకపోయినా గోడ వంకరగా వస్తే తిట్లు తినే మనిషి. అంతకంటే మంచి నిర్వచనం నేను చదివిన పుస్తకాల్లో లేదు.

మేస్త్రీలం ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకరోజు మా ఓనరు విజయవాడలో ఏదో సదస్సుకి వెళ్ళొచ్చాడు. మర్నాడు అందర్నీ పిలిచి, ఇక మీదట ప్రాజెక్ట్ మేనేజర్ విలువ ఏఐ వాడటం వచ్చా రాదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుందని చెప్పాడు. ఉత్తరాలు, ప్లాన్లు, మీటింగుల నోట్సు, వారం వారం రిపోర్టులు అన్నీ అదే రాస్తుందట. కాబట్టి ముగ్గురి పనీ ఒకరే చేయవచ్చట. ఆయన మాటల్లో దురుద్దేశం ఏమీ లేదు. ఇంట్లో బాత్రూమ్ ఒకటి ఉంటే చాలు అని చెప్పినట్టు చెప్పాడు.

మాలో ఒకతనికి దుగ్గిరాలలో పసుపు వ్యాపారం చేసే కుటుంబం ఉంది. అతను ఆ వారంలోనే మానేశాడు. "పసుపుకి ఏఐ రాదు, నాకూ రాదు. మా ఇద్దరికీ పొత్తు కుదురుతుంది" అని టీ ఇప్పించి వెళ్ళిపోయాడు. ఇద్దరం మిగిలాం. నేను, మా సీనియర్.

మా సీనియర్ గురించి కాస్త చెప్పాలి. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ఆదివారం లూథరన్ చర్చిలో పెద్దరికం, మిగతా రోజుల్లో ఫోను. ఆయన పని అంతా ఫోన్లోనే జరిగేది. క్లయింట్‌తో ముందు వర్షం గురించి, తర్వాత వాళ్ళ అమ్మగారి మోకాళ్ళ గురించి, చివర్లో అసలు సంగతి గురించి మాట్లాడేవాడు. నేను కొత్తగా చేరినప్పుడు ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం 'చూద్దాం' అన్న మాట మీద.

"అమ్మా, చూద్దాం అంటే లేదు. చూద్దాంలే అంటే అసలు లేదు. చూద్దాం, ఓసారి రండి అంటే, వెళ్ళి టీ తాగితే అవుతుంది. ఇది కాగితం మీద తెలీదు. గొంతులో తెలుస్తుంది."

ఆయనకి రానిది ఇంగ్లీషు. పదో తరగతి దాకా రేపల్లె దగ్గర తెలుగు మీడియంలో చదివి, తర్వాత డిగ్రీ ఎలాగో గట్టెక్కించాడు. ఆయన రాసే ఈమెయిళ్ళు మా కుర్ర ప్రోగ్రామర్లకి వినోదం. భోజనాల దగ్గర ఎవడో ఒకడు పైకి చదివేవాడు, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. ఆ నవ్వు నిజమనే నేను అనుకునేదాన్ని.

ఓనరు నన్ను పిలిచి, "ఆయనకి ఏఐ నేర్పు" అన్నాడు. నేను అప్పటికే వాడుతున్నానని ఆయనకి తెలుసు. ఇంటికెళ్ళి ఆ మాట మా ఆయనతో చెప్తే, "ఉండేది ఒక్క ఉద్యోగం. రెండోవాడికి నువ్వే నేర్పుతావా? నేర్పినట్టు నేర్పి ఊరుకో" అన్నాడు. ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. రాత్రంతా కాకపోయినా వంట చేస్తున్నంత సేపూ ఆలోచించాను.

మర్నాడు మా సీనియరే నా టేబుల్ దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"అమ్మా, నాకిది రాదు. ఇప్పుడు నేర్చుకోకపోతే ఇంటికి పోవాలి. నేర్పుతావా?"

అలా అడిగిన మనిషికి సగం నేర్పి ఊరుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. పూర్తిగానే నేర్పాను.

మొదటిరోజు ఆయన దాంట్లో, 'నమస్కారం. బాగున్నారా' అని టైప్ చేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అది బాగానే ఉన్నానని, ఆయన ఎలా ఉన్నారని అడిగింది. "మర్యాద తెలిసిందే" అని మెచ్చుకున్నాడు. దాన్ని మనిషిలా పలకరించక్కర్లేదని, కావలసింది నేరుగా చెప్తే చాలని అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "కొత్తగా వచ్చినవాడికి ఊరి సంగతులు చెప్పకుండా పని చెప్తే ఎట్టా చేస్తాడు?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన దానికి ఊరి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. తెలుగులోనే, పేజీలు పేజీలు. ఫలానా మిల్లు ఓనరుకి పొద్దున్నే చెడు మాట చెప్పకూడదు. ఫలానా హాస్టల్ వార్డెన్ తనే నిర్ణయం తీసుకున్నట్టు అనిపిస్తే తప్ప సంతకం పెట్టదు. కోల్డ్ స్టోరేజీ భాగస్తులు ఇద్దరూ మాట్లాడుకోరు, ఇద్దరికీ విడివిడిగా ఉత్తరాలు రాయాలి. నేను రెండు లైన్లు రాసి రెండు లైన్ల పని చేయించుకునేదాన్ని. ఆయన దానికి ఇరవై ఏళ్ళ అనుభవం ఒలకపోసి, దానికి తగ్గ పని రాబట్టేవాడు. నెల తిరక్కుండా ఆయన ప్లాన్ల ముందు నా ప్లాన్లు హోంవర్కులా కనిపించాయి.

ఇంగ్లీషు సంగతి చెప్పనక్కర్లేదు. ఆయన ఈమెయిల్ ఒకటి ప్రోగ్రామర్లు అలవాటుగా భోజనాల దగ్గర తెరిచి, నిశ్శబ్దంగా చదివి, మూసేశారు. అందులో ఒక మాటకి అర్థం నన్నడిగారు. నాకూ తెలియదు.

ఓనరు ఆయన రిపోర్టుని గోడ మీది స్క్రీన్‌లో చూపించి, "ఇదీ కావాల్సింది" అన్నాడు. ఎవరినో క్యారమ్స్‌కి కూర్చోబెట్టి, స్ట్రైకర్ పట్టుకోవడం నేర్పి, మూడో ఆటలో ఓడిపోయినట్టు అనిపించింది. మా ఆయన సంగతంతా విని, ఇంకాస్త అన్నం వడ్డించుకున్నాడు. 

ఇంకో మార్పు కూడా వచ్చింది. దాన్ని అప్పట్లో ఎవరం పట్టించుకోలేదు. ఆఫీసు నిశ్శబ్దమైపోయింది. మా సీనియర్ ఫోన్ చేయడం మానేశాడు.

రేపల్లె ప్రాజెక్టు ఆయన చేతిలో ఉండేది. రేపల్లె అవతల రేవులో పడవల వాళ్ళ సంఘం ఒకటి ఉంది. పడవలు వేట నుంచి తిరిగి ఏ వేళకి వస్తాయో తెలియక, చేపలు కొనే ఆడవాళ్ళు ఒడ్డున గంటల తరబడి కూర్చుంటారు. ఐసు బండి ఒక్కోసారి ముందే వచ్చి కరుగుతుంది, ఒక్కోసారి చేపలు పాడయ్యాక వస్తుంది. కాబట్టి పడవ ఒడ్డుకి దగ్గరపడి ఫోను సిగ్నల్ అందగానే పడవ నడిపే సరంగు ఒక బటన్ నొక్కితే, ఒడ్డున ఉన్న ఆడవాళ్ళకీ ఐసు ఫ్యాక్టరీకీ తెలుగులో మెసేజ్ వెళ్ళాలి. చేయాల్సింది అంతే. మా ప్రోగ్రామర్లు తొందరగానే చేసేశారు. ఇక పడవల వాళ్ళు తమ పడవ పేరు, ఫోన్ నంబరు అందులో నమోదు చేసుకోవాలి.

దాని మీద మా సీనియర్‌కీ ఆ సంఘం కార్యదర్శికీ మధ్య ఈమెయిళ్ళు నడిచాయి. ఎంతో గౌరవంగా, చక్కటి ఇంగ్లీషులో నడిచాయి. రిపోర్టులో రేపల్లె ప్రాజెక్టు ఎప్పుడు చూసినా పచ్చరంగులో ఉండేది. మా దగ్గర పచ్చ అంటే బాగుంది, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఓనరు కుర్చీలోంచి లేస్తాడు.

వేట నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళే రోజులు వచ్చాయి. మెసేజ్‌లు మొదలవ్వాల్సిన వారం. మా ప్రోగ్రామర్ ఒకతను వచ్చి, "మేడం, రేపల్లెలో ఒక్క పడవ కూడా నమోదు కాలేదండి" అన్నాడు.

"సిస్టమ్‌లో ఏదన్నా పొరపాటేమో చూడు."

"చూశానండి. సిస్టమ్ బాగానే ఉంది. పడవలే లేవు."

ఓనరు దగ్గరికి వెళ్ళాం. ఆయన రిపోర్టు చూశాడు. పచ్చగా ఉంది. మళ్ళీ సిస్టమ్ చూశాడు. ఖాళీగా ఉంది. నన్ను చూసి, "నువ్వెళ్ళి రా" అన్నాడు.

"ప్రాజెక్టు ఆయనది కదండీ."

"ఆయనకి అంతా బాగానే కనపడుతుంది. ఇంకెవరన్నా చూడాలి."

మా సీనియర్ ఆ రోజు సెలవు. చర్చిలో ఎవరిదో పెళ్ళి. మర్నాడు పొద్దున్నే నేను రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. దారి పొడుగునా నారుమళ్ళు, కాలవ గట్లు. నా ఒళ్ళో ఆ ఈమెయిళ్ళన్నీ ప్రింట్ తీసిన కట్ట. నిజం చెప్పాలంటే ఆయన తప్పు దొరికితే నా ఉద్యోగం నిలబడుతుందన్న ఆలోచన ఆ రైల్లో నాతోపాటే కూర్చుంది. దాన్ని నేను పిలవలేదు, దిగిపొమ్మని కూడా చెప్పలేదు.

రేపల్లెలో దిగి, ఆటోలో రేవుకి వెళ్ళాను. సంఘం ఆఫీసు ఒక గది. ఒక ఫ్యాను, రెండు బెంచీలు, ఒక మూల చిక్కుపడ్డ వలలు. కార్యదర్శి సొంత పడవ ఉన్న మనిషి, మా సీనియర్ ఈడు వాడు. ఎండకి కాలిన మొహం, చెవి వెనక పెన్ను. నేను ఎక్కడి నుంచి వచ్చానో చెప్తే కాస్త ఇబ్బంది పడ్డాడు.

"ఇంత దూరం ఎందుకమ్మా వచ్చావు. కుదరదని మేం ఎప్పుడో చెప్పాం గదా."

"కుదరదని చెప్పారా బాబాయ్ గారూ? ఎప్పుడు?"

"మూడు నాలుగు సార్లు చెప్పాం. ఉత్తరాలు రాశాం."

నేను కట్ట విప్పి ఆయన పేరుతో వచ్చిన ఉత్తరం తీశాను. దాన్ని తెలుగులో చదివి వినిపించాను. తమరు సూచించిన నమోదు పట్ల మా సభ్యులు ఎంతో ఆసక్తితో ఉన్నారు, క్షేత్రస్థాయిలో కొన్ని చిన్న అంశాలు చర్చలో ఉన్నాయి, తమ సహకారంతో అవి త్వరలోనే పరిష్కారమవుతాయని నమ్ముతున్నాము అని అందులో ఉంది.

ఆయన శ్రద్ధగా విన్నాడు.

"బాగుంది" అన్నాడు. "ఎవరు రాశారు?"

"మీరే రాశారండి."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. వాళ్ళ అమ్మాయి బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదువుతోంది. సెలవుల్లో వచ్చినప్పుడు ఆ ఏఐ ఆయన ఫోన్లో పెట్టిచ్చిందట. కంపెనీ నుంచి ఇంగ్లీషు ఉత్తరం వస్తే దానికి చూపిస్తే తెలుగులో చెప్తుంది. జవాబు తెలుగులో నోటితో చెప్తే ఇంగ్లీషులో రాస్తుంది. ఆయన ఎలా చెప్పాడో నాకు వినిపించాడు. అది ఫోన్లో అలాగే ఉంది.

"ఇది కుదరదని చెప్పు. మనోళ్ళు ఒప్పుకోటం లేదని చెప్పు. కాకపోతే మర్యాదగా చెప్పు. వాళ్ళు చదువుకున్నోళ్ళు, నొచ్చుకోకూడదు."

అది చెప్పినట్టే చేసింది. ఎంత మర్యాదగా చెప్పిందంటే, అందులో చెప్పాల్సిన మాట మిగల్లేదు. ఆ ఉత్తరం తెనాలి వచ్చింది. మా సీనియర్ తన ఏఐని దాని సారాంశం చెప్పమన్నాడు. అది మిగిలిన 'చిన్న అంశాలు' కూడా ఊడ్చేసి, 'రేవు వారు సుముఖం, ఆందోళన అవసరం లేదు' అని చెప్పింది. రిపోర్టు పచ్చబడింది. అలా నాలుగు విడతలు. ఇద్దరు తెలుగు పెద్దమనుషులు, ఒకే రైలు మార్గానికి ఆ చివరా ఈ చివరా కూర్చుని, ఇంగ్లీషులో ఒకరినొకరు అభినందించుకున్నారు.

"మరి ఎందుకు కుదరదు?" అని అడిగాను. ఈ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఆయన నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళాడు. పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. ముందు భాగాల మీద పేర్లు రాసి ఉన్నాయి. గంగమ్మ తల్లి. దాని పక్కన గంగమ్మ తల్లి. ఆ పక్కన మళ్ళీ గంగమ్మ తల్లి.

"మీ సిస్టమ్‌లో ఒకే పేరు రెండుసార్లు పట్టదంట. నమోదు చెయ్యబోతే గంగమ్మ ఒకటి, గంగమ్మ రెండు అని అదే పెట్టేస్తంది. రెండు అంటే ఎవరు ఒప్పుకుంటారమ్మా? నా తాత నాటి నుంచీ ఉన్న పేరు, నేను రెండు ఎట్టా అవుతానంటాడు. మూడోవాడైతే కోపంతో మా ఇంటికే రాటల్లేదు."

నేను అక్కడే ఒక బోర్లించిన తొట్టి మీద కూర్చుని మా సీనియర్‌కి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను.  

"ఏం చేద్దామండీ?"

"ఏం చెయ్యకమ్మా. అక్కడే ఉండు. వస్తున్నా."

మధ్యాహ్నం దిగాడు. అదే ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి పొట్లం. కార్యదర్శి చేతులు పట్టుకుని, "మీరు కుదరదన్నది నాకు వినపళ్ళేదండి. తప్పు నాదే" అన్నాడు. కార్యదర్శి, "నేనూ గట్టిగా అన్లేదులెండి" అన్నాడు. ఆ మాటతో ఇద్దరికీ ఒకరినొకరు చూసుకునే ధైర్యం వచ్చింది.

పడవల వాళ్ళు ఒక్కొక్కరే షెడ్డు కిందికి చేరారు. కొనుగోలుకొచ్చిన ఆడవాళ్ళు కొంతమంది బుట్టల మీద కూర్చుని వినసాగారు. మా సీనియర్ ముందు వాన గురించి మాట్లాడాడు. తర్వాత డీజిల్ గురించి. ఆ తర్వాత ఒకరిద్దరి ఇళ్ళలో పిల్లల చదువుల గురించి. నాకు కాళ్ళు లాగుతున్నాయి. అయినా ఆపలేదు. ఆ గొంతు విని నెలలయింది.

"మరి ఇన్ని గంగమ్మలు ఉంటే, మీలో మీరు ఏది ఎవరిదో ఎట్టా చెప్పుకుంటారు?" అని చివరికి అడిగాడు.

"ఇంటిపేరుతో" అన్నారు నలుగురూ.

"ఒకే ఇంటిపేరు వాళ్ళు ఇద్దరుంటే?"

"పెద్దాడిది, చిన్నాడిది."

"చిన్నాడికి కోపం రాదా?"

కార్యదర్శి ఆశ్చర్యపోయాడు. "ఎందుకు వస్తదండి? చిన్నాడు చిన్నాడే గదా."

రెండు అంటే అవమానం, చిన్న అంటే వరస. ఈ తేడా మా సిస్టమ్ తయారుచేసిన వాళ్ళెవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అక్కడి వాళ్ళకి అది చెప్పాల్సిన సంగతిగానే తోచలేదు.

ఒక్క చోట మాత్రం చిక్కు వచ్చింది. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు, ఇద్దరూ నేనే పెద్ద అన్నారు. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు. చర్చ వేడెక్కింది. ఎవరో వెళ్ళి వాళ్ళ మేనత్తని పిలుచుకొచ్చారు. ఆవిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "వీడు తుఫానుకి ముందు. వాడు తుఫాను వెళ్ళాక" అని చెప్పి, వచ్చిన పని అయిపోయినట్టు వెళ్ళిపోయింది. రెండోవాడు తల గోక్కుని, "సరే, చిన్నాడనే రాయండి" అన్నాడు. నేను రాశాను.

నేను ఫోన్లోనే మా ఏఐకి ఈ సంగతంతా చెప్పి, నమోదు పద్ధతి మార్చి కొత్త ప్లాన్ రాయమన్నాను. మా ఇద్దరికీ రెండు రోజులు పట్టే పని, కార్యదర్శి తెప్పించిన టీ చల్లారేలోపు వచ్చింది. తప్పుల్లేవు. ఇంటిపేరు రాసే చోట, పెళ్ళయిన ఆడపిల్లలు నడిపే పడవ ఉంటే ఏ ఇంటిపేరు పెట్టాలో ముందే అడిగి పెట్టుకోమని కూడా గుర్తుచేసింది. అలాంటి పడవ ఒకటి ఉంది. మేము మర్చిపోయాం. ఈ విషయం కూడా చెప్పాలి, లేకపోతే నేను ఒక పక్షాన మాట్లాడినట్టవుతుంది.

సాయంత్రం రైల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. బోగీలో జనం పెద్దగా లేరు.

"ఓనరుగారికి బీపీ, చెడు మాట మెల్లగా చెప్పమని దానికి నేనే చెప్పానమ్మా" అన్నాడు ఆయన. "మొదట్లోనే చెప్పాను. అది గుర్తుపెట్టుకుంది. ఎంత మెల్లగా చెప్పిందంటే నాకే వినపళ్ళేదు."

"ఒక్కసారి ఫోన్ చేసుంటే తెలిసేది కదండీ. మీకు గొంతులోనే తెలుస్తుంది కదా."

ఆయన కిటికీ వైపు చూశాడు.

"తెలిసేది. చెయ్యాలనిపించలా. నేను చేరిన కాడి నుంచీ నా ఇంగ్లీషు చదివి నవ్వుతానే ఉన్నారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాం. ఈ నాలుగు నెలలూ ఎవరూ నవ్వలా. ఆ ఉత్తరాలు పంపే ముందు నేనే రెండుసార్లు చదువుకునేవాణ్ణి. సగం మాటలు అర్థం కావు. అయినా బాగుండేవి."

 ఆ భోజనాల దగ్గర నేను పైకి చదవలేదు, నిజమే. అక్కడే కూర్చుని పెరుగన్నం తిన్నాను. మిఠాయి పొట్లంలో మిగిలింది తీసి ఆయనకిచ్చాను. ఇద్దరం తిన్నాం. తెనాలి వచ్చింది.

మర్నాడు ఓనరుకి ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళు కుదరదన్నారని, అది దారిలో అవునుగా మారిందని, ఇప్పుడు కుదిరిందని. ఎవరి తప్పు అని అడిగాడు. ఇద్దరూ మర్యాదస్తులు కావడం వల్ల జరిగిందని చెప్పాను. ఆయన కాసేపు పేపర్‌వెయిట్ తిప్పి, ఇక మీదట ప్రతి ఈమెయిల్ తర్వాత ఒక ఫోన్ చేయాలని, ఫోన్లో ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే రాయాలని కొత్త నియమం పెట్టాడు. దాంతోపాటు ఏఐకి ఇంకా ఖరీదైన ప్లాన్ కూడా కొన్నాడు. తప్పు జరిగింది చౌక రకం వల్లేమోనన్న అనుమానం ఆయన్ని వదల్లేదు.

మెసేజ్‌లు మొదలైన రోజు నేను రేవులోనే ఉన్నాను. బుట్టల మీద కూర్చున్న ఆడవాళ్ళ ఫోన్లు ఒకేసారి మోగాయి. ఫలానా ఇంటి చిన్నాడి పడవ వస్తోందని. అందరూ ఫోన్ చూశారు, చూసి లేచి నిలబడి, ఎప్పటిలాగే చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూశారు. ఒకావిడని, "మెసేజ్ వచ్చింది కదా అక్కా, ఇంకా చూడ్డం ఎందుకు?" అని అడిగాను.

"ఫోన్ చెప్పుద్ది లేమ్మా. వస్తందో లేదో చూడొద్దూ" అంది.

అయినా ఆ రోజు ఐసు బండి వేళకి వచ్చింది. నేను రిపోర్టులో పచ్చరంగు వేశాను.

ఇద్దరిలో ఎవరు ఉండాలన్నది ఓనరు అప్పటికింకా తేల్చలేదు. అడిగితే, "చూద్దాం" అనేవాడు. అది ఏ రకం 'చూద్దాం' అని నేను మా సీనియర్‌ని అడిగాను. ఆయన నవ్వి, "నాకోసం ఆలోచించకమ్మా" అన్నాడు. అప్పటికే విజయవాడలో ఒక పెద్ద కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడట. ఉద్యోగం వచ్చిందట. ఇక్కడికంటే మంచి జీతం.

నాకు సంతోషం కలగాల్సింది. ముందు కోపం వచ్చింది. పోటీలో ఉన్నవాడు పోటీ మధ్యలో లేచి వెళ్ళిపోతే గెలిచినవాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది నా మొహం.

"ఏం అడిగారండి ఇంటర్వ్యూలో?"

"ఏఐ గురించే అడిగారు. ఎట్టా వాడతావు, ఏం చేయించావు అని. రేపల్లె సంగతి చెప్పాను."

"మొత్తం చెప్పారా? కుదరదన్నది పోయిన సంగతి కూడా?"

"అదే వాళ్ళకి నచ్చింది. ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాడే కావాలన్నారు." కుర్చీ దగ్గరికి జరుపుకుని మళ్ళీ అన్నాడు. "నువ్వు నేర్పిందేనమ్మా. నేర్చుకున్నవాడికి బయట గిరాకీ ఉంది. నేర్పినవాళ్ళ సంగతి ఎవరూ అడగటల్లేదు. నువ్వే వెళ్ళి అడుగు."

నేను ఓనరు దగ్గరికి వెళ్ళి అడిగాను. ముగ్గురి ప్రాజెక్టులు ఒక్కదాన్నే చూస్తున్నప్పుడు జీతం కూడా ఆ లెక్కనే ఉండాలని చెప్పాను. మర్యాద తగ్గించి, సూటిగా చెప్పాను. ఆయన కొంత పెంచాడు. పని పెరిగినంత పెంచలేదు. ఏఐ వచ్చాక నా పని సులువైపోయిందని ఆయన నమ్మకం. ఉత్తరాల పని నిజంగానే సులువైంది. ఆ మిగిలిన వేళంతా ఇప్పుడు రైళ్ళలో, బస్సుల్లో, మిల్లు గదుల్లో, టీ గ్లాసుల ముందు గడుస్తోంది. వారంలో ఒకరోజు బాపట్ల, ఒకరోజు దుగ్గిరాల, నెలకోసారి రేవు. మా ఆయన నన్ను మెడికల్ రిప్రజెంటేటివ్ అంటున్నాడు.

మా సీనియర్ వెళ్ళిపోయిన రోజు ప్రోగ్రామర్లు కేకు తెచ్చారు. భోజనాల దగ్గర ఆయన ఈమెయిళ్ళు అందరికంటే గట్టిగా చదివే కుర్రాడు లేచి, మొదటి ముక్క కోసి ఆయన ముందు పెట్టాడు. ఆయన వాడి భుజం తట్టి వాడికో ముక్క కేకు పెట్టాడు. తర్వాత మెట్లు దిగి, కింద హోటల్ ఓనరుకి కూడా చెప్పి, స్టేషన్ వైపు నడిచి వెళ్ళాడు. నేను పైనుంచి చూశాను. చెయ్యి ఊపాలనుకున్నాను గానీ ఆయన వెనక్కి తిరగలేదు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

లోపలికి వచ్చి ఆయన కుర్చీ చూశాను. నా కుర్చీ కంటే అదే మంచిది, వెనక ఆనుకోవడానికి వీలుగా ఉంటుంది. మార్చుకున్నాను. ఎత్తు మాత్రం కొంచెం తగ్గించాల్సి వచ్చింది.